ఫొటో డాక్టరమ్మ కొట్టేసిన మాటలు

డాక్టరమ్మగారు పోయారని మొన్న మంగళవారం పొద్దున్న వాళ్ల మేనకోడలు ఫోన్ చేసింది. "అక్కా, అత్త ఎల్లిపోయింది. నిద్దట్లోనే. కాఫీ పట్టుకెళ్లి లేపితే పలకనేదు," అంది. పొయ్యి మీద పాలున్నాయి. వాటిని దించాలన్న సంగతి కూడా తోచక కాసేపు అలాగే నిలబడ్డాను.

బరంపురం గోసాని నువాగాంలో వాళ్లింటికి ఆటోలో వెళ్లాను. ఇంటి గుర్తు చెప్పబోతే ఆటో అతను మధ్యలోనే అందుకున్నాడు. "ఫొటో డాక్టరమ్మ ఇల్లే గదా. ఏటైంది?" అన్నాడు. చెప్పాను. దిగాక డబ్బులిస్తే పుచ్చుకోలేదు. చెప్పులు విడిచి నాతో పాటు లోపలికొచ్చి, ఆవిడ కాళ్లకి దణ్ణం పెట్టి వెళ్లిపోయాడు.

మర్నాడు పేపర్లో చిన్న వార్త వేశారు. బరంపురం ప్రముఖ రేడియాలజిస్టు అని రాశారు. ఎక్స్‌రే చూసి అందులో ఏముందో రాసిచ్చే డాక్టర్ని అలా అంటారు. మా ఊళ్లో ఆ మాటెవరికీ తెలీదు. ఎక్స్‌రేని ఫొటో అంటారు కాబట్టి ఆవిడ ఫొటో డాక్టరమ్మ. నేను ఆవిడ దగ్గర టైపిస్టుని. ఇరవయ్యేళ్లకు పైగా ఆవిడ చెప్పింది టైపు కొట్టాను. ఆ మాటల గురించి నాకు తెలిసినంత ఇంకెవరికీ తెలీదు కనక ఇది రాస్తున్నాను.

వాళ్లది బడా బజార్లో పేరున్న వర్తకుల కుటుంబం. తండ్రిగారిది చింతపండు హోల్‌సేల్ వ్యాపారం. కూతురు వైజాగులో డాక్టరు చదువు ముగించుకుని వచ్చాక, ఆయన గోడౌను ముందుభాగం ఖాళీ చేసి క్లినిక్ పెట్టించారు. ఒక పక్క అప్పడాలూ వడియాలూ అమ్మే కొట్టు, ఇంకో పక్క ఇత్తడి సామాన్ల కొట్టు. ఫిల్ములు కడిగే చీకటిగదిలో మందునీళ్ల ఘాటుతో పాటు పాత చింతపండు వాసన కూడా వచ్చేది. ఎన్నిసార్లు సున్నం వేయించినా పోలేదు. "మా నాన్న వాసనే అది. ఉండనీ," అనేవారావిడ.

నేను బరంపురం దగ్గరున్న చికిటి ఊరి పిల్లని. ఇంటర్ అయ్యాక టైపు లోయర్ పాసై, మా నాన్నతో కలిసి ఉద్యోగం అడగడానికి వెళ్లాను. డాక్టరమ్మగారు ఇంగ్లీషులో నాలుగు వాక్యాలు చెప్పారు. కొట్టి ఇచ్చాను. కళ్లద్దాలు చీర చెంగుతో తుడుచుకుని చదివి, కాగితం నా ముందుకు తోశారు.

"ఒక ముక్క ఒగ్గేసేవు. సూడు."

చూశాను. 'నో' అన్న మాట వదిలేశాను. జబ్బు లేదని ఆవిడ చెబితే ఉందని కొట్టాను.

"రెండక్షరాలే గదా అనుకోకు. ఆ ముక్క పోతే బాగున్న మనిషి మంచం ఎక్కేస్తాడు," అన్నారు. ఉద్యోగం రాదనుకుని లేచాను. "సోమారం నుంచి రా పిల్లా," అన్నారు.

అలా చేరాను. మొదటి రెండేళ్లు ఆవిడ అందరు డాక్టర్లలాగే రాసేవారు. ఫిల్ము లైటు పెట్టెకి తగిలించి, నిలబడి, గబగబా చెప్పేవారు. చివర్లో ఒక మాట తప్పకుండా ఉండేది. 'కెనాట్ బీ రూల్డ్ అవుట్.' అంటే కాదనలేము అని. గుండె పెద్దదై ఉండొచ్చు, కాదనలేము. నీరు చేరి ఉండొచ్చు, కాదనలేము. ఆవిడ నోరు తెరవకముందే నా వేళ్లు ఆ మాట కొట్టేసేవి. రిపోర్టుకి అదొక ముగింపనుకునేదాన్ని. ఉత్తరం చివర 'ఇట్లు' రాసినట్టు.

ఆ మాట ఏం చేయగలదో ఒక రైతుబిడ్డ వల్ల తెలిసింది.

చికిటికి ఆవల, ఆంధ్రా సరిహద్దు దగ్గర పల్లె వాళ్లది. ఇరవై రెండేళ్లుంటాయేమో. ముసలి తండ్రి వెంటబెట్టుకొచ్చాడు. ఎనిమిది నెలల కింద మా దగ్గరే ఛాతీ ఫొటో తీయించుకుందట. వానాకాలంలో నెల్లాళ్లు దగ్గు ఉండి తీయించారు. ఇప్పుడు మళ్లీ తీయమన్నారు. తీశాం. డాక్టరమ్మగారు అప్పటి ఫొటో, రిపోర్టు అడిగి, కొత్త ఫిల్ము పక్కన పెట్టుకుని చూశారు. ఊపిరితిత్తి పైభాగంలో ఒక మచ్చ. అప్పుడెలా ఉందో ఇప్పుడూ అలాగే ఉంది.

"మందులు వాడేవా?" అని అడిగారు.

"నేదమ్మా."

"కళ్లె పరీక్ష?"

"ఎవలూ సెయ్యమననేదు."

"మరి ఇన్నాళ్లూ ఏటి సేసేవు?"

ఆ అమ్మాయి తలెత్తలేదు. తండ్రే చెప్పాడు. రిపోర్టు తీసుకెళ్లి ఊళ్లో మందులిచ్చే ఆయనకి చూపించారట. ఆయన చదివి, "టీబీ ఉన్నాదనీ రాయనేదు, నేదనీ రాయనేదు. కాదనలేం అన్నారంటే ఉన్నట్టే గదా," అన్నాడట. ఆ రోజు నుంచే అత్తగారు కోడల్ని పశువుల సాల పక్కనున్న చూరు కిందికి పంపేసింది. కంచం వేరు, గళాసు వేరు. పాలు తాగే బిడ్డని ఆడపడుచు తీసుకుపోయింది.

"ఎన్నో నెల బిడ్డ?" అన్నారు డాక్టరమ్మగారు.

అప్పుడు నోరు విప్పింది ఆ అమ్మాయి. "అప్పుడు ఆరో నెల డాట్రమ్మా. ఇప్పుడు నడస్తంది. దూరం నుంచి సూస్తన్నాను. నన్ను మరిసిపోనాది. ఎత్తుకోబోతే ఏడస్తాది."

తండ్రి చేతిలో ఒక గుడ్డ సంచి ఉంది. డాక్టరమ్మగారి చూపు దాని మీద పడింది. అందులో ఏముందని అడిగారు. పాత పంచెలో చుట్టిన మరో ఎక్స్‌రే తీశాడు. పెళ్లికి ముందు, చిన్నతనంలో ఆ పిల్లకి టీబీ వచ్చి, మందులు పూర్తిగా వాడాక నయమైందట. అప్పుడు తీయించిన ఫొటో అది. లైటు పెట్టెకి తగిలించారు. అదే మచ్చ, అదే చోట, అంతే.

"ఇది అప్పుడెందుకు తేలేదు తాతా?"

"అప్పుడూ తెచ్చేనమ్మా. ఎవలూ అడగనేదు."

ఆవిడ కుర్చీలో కూర్చున్నారు. ఆవిడ పగటిపూట పని మధ్యలో కూర్చోవడం నేను చూసింది అదే మొదలు. పాత రిపోర్టులో తన సంతకం కేసి చాలాసేపు చూశారు. ఆ రిపోర్టు రాసిన రోజు చికిటి బస్సు టైము అవుతోందని జనం తొందరపెట్టారు, ఒకదాని మీద ఒకటి ఫిల్ములు వచ్చిపడ్డాయి. అదంతా నాకు గుర్తుంది. ఆవిడ మాత్రం ఆ కారణం చెప్పలేదు.

తండ్రీ కూతుళ్లు నువాగాంలో బంధువుల ఇంట్లో ఉన్నారు. మూడు రోజులు కళ్లె పరీక్ష చేయించారు. ఎందులోనూ ఏమీ లేదు. నాలుగో రోజు డాక్టరమ్మగారు తెల్లకాగితం మీద, తన చేత్తో, తెలుగులో రాశారు: 'ఈమెకు ఇప్పుడు క్షయ లేదు. ఉన్నది పాత మచ్చ. బిడ్డను ఎత్తుకోవచ్చు. అందరితో కలిసి తినవచ్చు. ముందు రాసిన రిపోర్టులో పొరపాటు నాది.' కింద సంతకం పెట్టి ముద్ర వేశారు. కాగితం మడిచి వాళ్ల చేతికివ్వబోయి ఆగిపోయారు.

"ఇది కూడా ఆ మందులాయనే సదువుతాడు గదా," అన్నారు నాతో. "ఆదివారం నీకేం పన్లేదు గదా?"

ఆదివారం ఇద్దరం బస్సెక్కాం. ఆ పల్లెకి డాక్టరెవరూ వచ్చిన జాడ లేదు కాబోలు, వీధి మొగలోనే జనం పోగయ్యారు. ఇంటివాళ్లు నులకమంచం వాల్చారు. కోడలు సాల దగ్గరే నిలబడిపోయింది. అత్తగారు ఇత్తడి చెంబుతో నీళ్లు తెచ్చింది.

"ఇందులో వద్దమ్మా. మీ కోడలు తాగే గళాసులో ఇయ్యి," అన్నారు డాక్టరమ్మగారు.

అత్తగారు కదల్లేదు. కొడుకు వెళ్లి, చూరులో దోపి ఉన్న అల్యూమినియం గళాసు తీసి, కడిగి, నీళ్లు పోసి తెచ్చాడు. ఆవిడ గళాసు అంచు పెదవులకి ఆనించుకుని గుటగుటా తాగేశారు. "ఇంకో గళాసు," అన్నారు. అదీ తాగారు. అప్పుడు చెప్పారు, అందరూ వినేలా.

"ఫొటోలో మచ్చ ఎప్పుడో మానిపోయింది. మానిపోయిందని తెలుసుకునే దారి నా సేతిలో ఉన్నాది. ముసలాయన సంచిలో పాత ఫొటో ఉన్నాది, నేను అడగలేదు. కళ్లె పరీక్ష సెయ్యమని రాయలేదు. కాదనలేం అని రాసి సంతకం పెట్టేసేను. తప్పు నాది. మీ కోడలిది కాదు, మీదీ కాదు."

అత్తగారు నేల మీద చతికిలబడింది. "మరి ఇన్నాళ్లూ దాన్ని పసువుల కాడ పడుకోబెట్టినాను గదా డాట్రమ్మా. ఆ పాపం మూట ఎవలు మోస్తారు?" అని గట్టిగా ఏడ్చింది.

"ఆ మూట నాకిచ్చెయ్యి," అన్నారావిడ.

ఎవరో పరిగెత్తి ఆడపడుచు చంకలో ఉన్న పిల్లని తెచ్చారు. ఎర్ర గౌను, కాళ్లకి మువ్వలు. తల్లి చేతులు చాచింది. పిల్ల మేనత్త మెడ గట్టిగా పట్టుకుని ముఖం తిప్పేసుకుంది. తల్లి చేతులు అలాగే గాల్లో ఉండిపోయాయి.

డాక్టరమ్మగారు ఆమె పక్కకి వెళ్లి నిలబడ్డారు. "రేపొస్తాది. నేకపోతే ఎల్లుండొస్తాది. ఎప్పుడొస్తాదో మాత్రం నాను రాసియ్యలేనమ్మా," అన్నారు. ఆవిడ నోట 'నాను' అన్న పల్లెమాట నేను విన్నది ఆ ఒక్కసారే.

తిరుగు బస్సులో డాక్టరమ్మగారు కిటికీ పక్కన కూర్చున్నారు. చికిటి దాటాక అడిగారు.

"మన రిపోర్టుల కార్బన్ కాపీలు ఎక్కడ పెట్టేవే?"

శనివారాలు మధ్యాహ్నం క్లినిక్ మూసేవాళ్లం. ఆ వచ్చే శనివారం నుంచి లెక్క మొదలైంది. నాకొక ఎర్ర పెన్సిలు ఇచ్చారు. ఒక నెల కాపీలన్నీ ముందేసుకుని, 'కావచ్చు' అన్న అర్థం వచ్చే ప్రతి మాట కింద గీత గీయమన్నారు. ప్రాబబ్లీ, పాసిబ్లీ, సజెస్టివ్, లైక్లీ, కాదనలేము. మొదటి గంటలోనే పెన్సిలు రెండుసార్లు చెక్కాను. చూస్తే కాగితాల కంటే గీతలే ఎక్కువ.

తర్వాత ఆవిడ ఒక్కో గీత దగ్గర ఆగి, ఆ ఫిల్ము మళ్లీ తెప్పించగలిగితే తెప్పించి చూసి, కాగితాలని మూడు దొంతులుగా పెట్టారు. నిజంగానే తనకి తెలియనివి ఒక దొంతి. పాత ఫొటో అడిగి ఉంటే, ఇంకో వైపు నుంచి ఫొటో తీసి ఉంటే, పంపిన డాక్టరుకి ఫోన్ చేసి ఉంటే తెలిసి ఉండేవి ఒక దొంతి. మూడోది, తెలిసి కూడా భయపడి అలా రాసినవి. ఆ మూడో దొంతే అన్నిటికన్నా ఎత్తుగా లేచింది.

దాని మీద అరచెయ్యి పెట్టి కూర్చున్నారు. "నన్నెవరూ ఏమీ అనకుండా రాసుకున్న మాటలే ఇవన్నీ. జబ్బు వాళ్లది, దుప్పటి నేను కప్పుకున్నాను," అన్నారు.

ఇంకో సందేహం వచ్చిందావిడకి. ఈ మాటలు చదివే డాక్టర్లకైనా ఒకే అర్థం తోస్తోందా అని. పదహారణాల నిజం అంటాం కదా. ఆ కొలతే పట్టుకున్నారు. ఊళ్లో తెలిసిన డాక్టర్లందరికీ ఒక కాగితం పంపారు. 'ప్రాబబ్లీ అని నేను రాస్తే మీకు ఎన్ని అణాల నమ్మకం? సజెస్టివ్ అంటే ఎన్ని?' అని. కాగితాలు పట్టుకుని రిక్షాలో తిరిగింది నేనే. కొందరు నవ్వారు, ఒకాయన విసుక్కున్నాడు. అయినా చాలామంది నింపి ఇచ్చారు. శనివారం అవి పరిచి చూస్తే, ఒకే మాటకి ఒకాయన నాలుగణాలు వేశారు, సరిగ్గా ఆయన ఎదురింట్లో ఉండే ఆయన పన్నెండణాలు వేశారు. డాక్టరమ్మగారు కళ్లనీళ్లొచ్చేలా నవ్వారు.

"వీధి దాటేసరికి నా మాట మూడింతలైపోయింది సూసేవా?" అన్నారు. నవ్వు ఆగాక అన్నారు, "మరి పేషెంటు వీధి కాదు గదా, ఊళ్లు దాటి ఎల్తాడు."

ఆ సాయంత్రం పాత క్యాలెండరు వెనక ఐదు మాటలు రాసి నా టైపు మిషను పైన గోడకి తగిలించారు. ఉంది. దాదాపు ఉంది. చెప్పలేను. దాదాపు లేదు. లేదు. ఒక్కోదాని పక్కన ఎన్ని అణాలో రాశారు. ఆ కాగితం నకలు ప్రతి డాక్టరుకీ పంపారు. 'చెప్పలేను' అని రాస్తే ఇంకో వాక్యం రాసి తీరాలి, ఏ పరీక్ష చేస్తే తెలుస్తుందో, ఎన్నాళ్లకి మళ్లీ రావాలో. ఆ వాక్యం లేనిదే ఆ మాట టైపు చేయకూడదని నాకు హుకుం.

"నేను సెప్పినా కొట్టకు," అన్నారు.

వారం తిరక్కుండానే ఆ అవసరం పడింది. అలవాటు ఎక్కడికి పోతుంది? మాట మధ్యలో 'పాసిబ్లీ' అన్నారు. నేను చేతులు ఒళ్లో పెట్టుకున్నాను.

"ఏటే, కొట్టవేం?"

"ఎన్ని అణాలు మేడమ్?"

కళ్లద్దాల మీంచి చూశారు. చంపేస్తారనుకున్నాను. గిరుక్కున తిరిగి లైటు పెట్టె దగ్గరికి వెళ్లి, మళ్లీ చూసి, ఆ మనిషిని పక్కకి తిప్పి నిలబెట్టి ఇంకో ఫొటో తీయించారు. వచ్చి, "లేదు. పదహారణాలా లేదు. కొట్టు," అన్నారు. ఆ రోజు నాకు కూడా ఆవిడ టీ తెప్పించారు, స్టీలు గళాసులో, పాలు లేని టీ. ఆవిడకి అదే ఇష్టం. నాకది చేదు. తాగేశాను.

అప్పటి నుంచి రిపోర్టు పేషెంటు చేతికి ఊరికే ఇచ్చేవారు కాదు. ఎదురుగా కూర్చోబెట్టుకుని తెలుగువాళ్లకి తెలుగులో, ఒడియావాళ్లకి ఒడియాలో చెప్పేవారు. "కిచ్ఛి నాహి, మౌసీ," అని ఆవిడ అంటే, ఏమీ లేదని విన్న ఆ ముసలమ్మల భుజాలు దిగడం నా బల్ల దగ్గర్నుంచి కనిపించేది. ఆఖర్న, "ఇప్పుడు నువ్వు సెప్పు, నేనేం అన్నాను?" అని అడిగేవారు. వాళ్లు సరిగ్గా చెబితేనే కాగితం ఇచ్చేవారు. జనం ఆలస్యమవుతోందని గొణిగేవాళ్లు. బస్సులు తప్పిపోయేవి.

డాక్టర్లకీ అందరికీ నచ్చలేదు. పెద్ద ప్రాక్టీసున్న ఒకాయన ఫోన్ చేశారు. "లేదని ఖాయంగా రాసేస్తున్నారు. రేపు ఉందని తేలితే?" అన్నారట. "నా తప్పని చెప్తానండి," అన్నారీవిడ. ఆ మాట అనడం తేలికే అనుకున్నాను నేను, పక్కన నిలబడి.

నాలుగైదేళ్ల తర్వాత ఆ రోజు కూడా వచ్చింది.

ఆయన పట్టుచీరలు నేసే నేతగాడు, అరవై దాటినవాడు. భుజం నొప్పికని ఛాతీ ఫొటో తీయించారు. ఒక మూల మసకగా చిన్న నీడ ఉంది. పక్కటెముక నీడే అనుకుని డాక్టరమ్మగారు 'లేదు' అని రాశారు. ఏడెనిమిది నెలల తర్వాత మళ్లీ తీస్తే ఆ నీడ పెరిగి కనిపించింది. కేన్సరు గడ్డ. పాత ఫిల్ము తీసి పక్కన పెట్టి చూశారు. అక్కడే ఉంది, బియ్యపుగింజంత.

"ఇది 'సెప్పలేను' అని రాయాల్సింది. మూడు నెల్లకి రమ్మనాల్సింది," అన్నారు. "కావచ్చులు తగ్గించాలన్న యావలో పడ్డానే పిల్లా. తగ్గితే సాలనుకున్నాను."

మర్నాడే వాళ్లింటికి వెళ్లారు. నన్నూ రమ్మన్నారు. మగ్గం ఉన్న గది అది. సగం నేసిన చీర మగ్గం మీద ఉంది. డాక్టరమ్మగారు నిలబడే మొత్తం చెప్పారు. మొదటి ఫొటోలోనే ఉందని, తను పోల్చుకోలేదని, లేదని రాశానని. ఆయన భార్య ఒక్కసారిగా లేచింది. "నేదన్నారు గదమ్మా! నేదన్నారనే గదా నిమ్మళంగా ఉన్నాం! ఇప్పుడొచ్చి సెప్తారేటి?" అని అరిచింది. డాక్టరమ్మగారు తలవంచుకుని నిలబడ్డారు.

ముసలాయన చాలాసేపు మగ్గం కేసి చూశాడు. తర్వాత పీట చూపించి, "కూకోండమ్మా," అన్నాడు. "పోగు తెగుద్ది. ఎంతటి నేతగాడికైనా తెగుద్ది. తెగినకాడ ముడెయ్యకుండా నేసుకుంటూ పోనాడనుకోండి, మొత్తం సీరె పోద్ది. మీరు ముడెయ్యడానికొచ్చేరు. ఇప్పుడేటి సెయ్యాలో సెప్పండి."

కటక్‌లో ఆపరేషను చేయించారు. డాక్టరమ్మగారే ఉత్తరం రాసి, తెలిసిన వాళ్లకి ఫోన్లు చేసి పంపారు. ఆయన ఆ తర్వాత కొన్నేళ్లు బతికారు. ముందే కనిపెట్టి ఉంటే ఇంకెన్నేళ్లు బతికేవారో ఎవరికీ తెలీదు. ఆ సంగతి ఆవిడ నా దగ్గర ఒక్కసారే ఎత్తారు, మళ్లీ ఎత్తలేదు. ఆయన భార్య మాత్రం ఆవిడతో చివరిదాకా మాట్లాడలేదు. బజార్లో ఎదురైతే పక్కకి తిరిగేది. డాక్టరమ్మగారు దానికి నొచ్చుకునేవారు కారు. "ఆమెకి ఆ హక్కుంది," అనేవారు.

ఆవిడ ఇక పాత పద్ధతికే వెళ్లిపోతారనుకున్నారందరూ. రెండు రోజులు క్లినిక్ తెరవలేదు. మూడో రోజు వచ్చి నాకు ఇంకో నోటుబుక్కు ఇచ్చారు. ఖాయంగా రాసిన మాటల్లో తప్పని తేలినవన్నీ అందులో ఎక్కించమన్నారు. శనివారాలు అప్పటి నుంచి రెండు లెక్కలూ చూసేవాళ్లం. ఎక్కడ భయపడ్డాను, ఎక్కడ తొందరపడ్డాను అని. మొదటి పేజీలో నేతగాడి పేరు ఆవిడే రాసుకున్నారు. గోడ మీది కాగితంలో 'చెప్పలేను' అన్న మాట కింద స్కేలు పెట్టి నల్లసిరాతో గీత గీశారు.

"తెలీదు అనడానికి సిగ్గుపడకూడదే. తెలీదని దాక్కోకూడదు, అంతే," అన్నారు. నేను విన్నవాటిలో నాకు మిగిలిన మాట అది.

ఆవిడ గురించి రాయాల్సిన చిన్న సంగతులు ఇంకా ఉన్నాయి. ఎండాకాలం మధ్యాహ్నాలు ఒడియావాళ్లలాగే పఖాళ తినేవారు, నీళ్లు పోసిన అన్నం, పక్కన వేయించిన వడియాలు. చీకటిగదిలోంచి బయటికొస్తే వెలుతురికి కళ్లు చిట్లించి కాసేపు ఎవర్నీ గుర్తుపట్టేవారు కారు. అప్పుడు ఎవరైనా పలకరిస్తే వాళ్ల గొంతు కేసి నవ్వేవారు. పెళ్లి చేసుకోలేదు. ఎందుకని నేను అడగలేదు, ఆవిడ చెప్పలేదు. నా పెళ్లికి పట్టుచీర పెట్టారు. మా అమ్మకి ఒంట్లో బాగాలేనప్పుడు ఫొటో చూసి, 'ఉంది' అని నాకు సూటిగా చెప్పారు. చెప్పాక నా పక్కనే కూర్చుండిపోయారు, చెయ్యి పట్టుకుని. బయట జనం ఎదురుచూస్తూనే ఉన్నారు. ఆ రోజు ఆవిడ 'కావచ్చు' అని ఉంటే బాగుండునని నాకెంతో అనిపించింది. అలా అనకపోవడం వల్ల అమ్మతో ఆఖరి ఐదు నెలలు దగ్గరుండి గడిపాను.

కంప్యూటర్లొచ్చాయి, పెద్ద స్కానింగ్ సెంటర్లొచ్చాయి. ఆవిడ కళ్లు మసకబారాక క్లినిక్ తనే మూసేశారు. "ఇప్పుడు నేనేం రాసినా 'సెప్పలేను' అనే రాయాలి," అని నవ్వారు.

కిందటేడు ఆవిడకే జబ్బు చేసింది. వైజాగులో స్కాన్ తీయించారు. రిపోర్టు నన్ను చదవమన్నారు. రెండు పేజీలు చదివాను. చదువుతుంటేనే నా కుడిచెయ్యి పెన్సిలు కోసం వెతుక్కుంది. ఆవిడ కళ్లు మూసుకుని విన్నారు. అంతా అయ్యాక ఆ రాసిన డాక్టరుకి ఫోన్ కలిపి స్పీకర్లో పెట్టమన్నారు. చిన్నవాడు, గొంతులో వినయం ఉంది.

"బాబూ, నీ రిపోర్టు చదివించుకున్నాను. నేనూ ఈ పనే చేసేదాన్ని. భయపడకు, నిన్నేమీ అనను. కేన్సరని పదహారణాల్లో ఎన్ని అణాల నమ్మకం నీకు?"

"మా తాతగారి లెక్కలు అడుగుతున్నారు మేడమ్," అన్నాడు. తర్వాత మెల్లగా, "పద్నాలుగు అనుకోండి," అన్నాడు.

"చాలా ఉపకారం చేసేవు బాబూ," అన్నారు. మనస్ఫూర్తిగానే అన్నారు. ఆపరేషను వద్దనుకున్నారు. పుస్తకాలు ఎవరికివ్వాలో, మేనకోడలికి ఏం చెప్పాలో అన్నీ ఒక నెలలో చక్కబెట్టుకున్నారు. మిగతా రోజులు హాయిగా ఉన్నారు. అలా అనొచ్చో లేదో గానీ, నేను చూసింది అదే.

పోవడానికి నాలుగు రోజుల ముందు వెళ్లాను. మధ్యాహ్నం మూడయ్యుంటుంది. వరండాలో పడక్కుర్చీలో నిద్రపోతున్నారు. లేపడం ఇష్టంలేక ఎదురుగా మెట్టు మీద కూర్చున్నాను. వీధిలో ఎవరో సైకిలు గంట కొట్టుకుంటూ పోయారు. ఆవిడ కదల్లేదు. ఊపిరితిత్తుల గురించి ఎన్ని వేల కాగితాలు టైపు చేశానో నాకే తెలీదు. ఒక మనిషి ఊపిరి తీసుకోవడం కూర్చుని చూసింది మాత్రం ఆ మధ్యాహ్నమే. గుండెల మీది నేత చీర మడత మెల్లగా పైకి లేచేది, ఒక క్షణం అక్కడే ఆగేది, మళ్లీ మెల్లగా దిగేది. ఎండ ఆవిడ పాదాల దాకా వచ్చింది. చీర మడత లేస్తూ, దిగుతూ ఉంది.